పదకొండో అడుగున చెయ్యి

గువ్వ పదిహేడో ఏట మొదలుపెట్టి ఇరవై రెండో ఏడు వచ్చేదాకా వంద మీటర్ల పందెంలో ముప్పై ఎనిమిది సార్లు పరుగెత్తింది. ఒక్కసారీ గెలవలేదు. మనిషి పొట్టి, అడుగు చిన్నది. ఆ చిన్న అడుగులే టపటపా వేసుకుంటూ పోతుంది కాబట్టి ఇంట్లో ఊహ తెలియని వయసులోనే గువ్వ అని పేరు పడిపోయింది. ఎక్కువగా నాలుగో స్థానంలో వచ్చేది. పతకాలు ముగ్గురికే ఇస్తారు. నాలుగో మనిషికి దక్కేది ఒక నీళ్ళసీసా, భుజం మీద ఒక తట్టు, "పరవాలేదులే" అన్న మాట.

వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్. దేనికీ దిగులుపడే మనిషి కాదు.

"ఎంతమందిలో నాలుగమ్మా?" అని అడిగేవాడు.

"ఎనిమిది మందిలో."

"అంటే నలుగుర్ని ఓడించావన్నమాట! ఇంకేం కావాలి?"

అమ్మ అలా కాదు. ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో, వరసకి నలభై కుట్టుమిషన్లు మోగే హాల్లో పనిచేసి, ఈమధ్యే మానేసి ఇంట్లో కర్టెన్లు కుడుతోంది. "ఆ గుండ్రాల చుట్టూ తిరిగి కాళ్ళరగదీసుకునే బదులు షాపులో పని కుదురుగా చేసుకోవచ్చు కదే," అనేది. గువ్వ పొద్దున్నే మైదానానికి వెళ్ళి, పదకొండింటినుంచి సాయంత్రం దాకా ఒక చెప్పుల షాపులో పాదాల కొలతలు తీసేది. ఎవరి కాలు చూసినా కుడిదానికీ ఎడమదానికీ ఎంత తేడా ఉందో పట్టీ పెట్టకముందే చెప్పగలిగేది. షాపు ఓనరుకి ఆ విద్య మీదే గౌరవం. పరుగు సంగతి ఆయన ఎప్పుడూ అడగలేదు.

రిలే జట్టుకి మనుషుల్ని ఏరడానికి పెద్దమేడం వచ్చింది ఆ రోజుల్లోనే. అరవై దగ్గరపడిన కోచ్ ఆవిడ. మెడలో రెండు విజిళ్ళుండేవి, ఒకటి పనిచేయకపోతే రెండోది. గువ్వ కూడా దిగిన, మలుపున్న రెండువందల మీటర్ల పరుగు చూస్తూ కూర్చుని, అది అయ్యాక గెలిచిన అమ్మాయిని వదిలేసి గువ్వని పిలిచింది.

"నువ్వు తిన్నని దారిలో పరుగెత్తడానికి పనికిరావు."

గువ్వ ముఖం వాడిపోయింది.

"అప్పుడే ముఖం వేలాడేసుకోకు. మలుపులో నిన్ను పట్టేవాళ్ళు లేరు. పొడుగు కాళ్ళవాళ్ళని మలుపు బయటికి లాగేస్తుంది. నువ్వు మాత్రం లోపలి గీతకి అతుక్కుపోతున్నావు, గోడమీద బల్లిలాగా."

"బల్లా మేడం?"

"పొగిడానే తల్లీ! రేపు ఆరింటికల్లా రా."

అలా గువ్వ రిలే జట్టులో మూడో మనిషి అయింది. నలుగురూ తలో వంద మీటర్లు పరుగెత్తాలి, చేతిలో బేటన్, అంటే అడుగు పొడుగు గొట్టం, ఒకరినుంచి ఒకరికి అందాలి. మొదట పరుగెత్తేది ఆసుపత్రిలో నర్సు. అందరికన్నా పెద్దది, అందరికీ అక్క. రెండో ఆమె లా చదువుతోంది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుంది కాబట్టి పట్టా రాకముందే అందరూ లాయరు అనేవారు. మూడు గువ్వ. నాలుగు, అంటే చివర గీత దాటేది, మహారాణి.

ఆ పేరు ఊరికే రాలేదు. పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. పిలిస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. పక్కనే కూర్చుని కబుర్లు చెబుతుంటే మధ్యలో లేచి వెళ్ళిపోతుంది. "పొగరు," అని లాయరు తీర్పు చెప్పేసింది. కానీ ఆమెలా పరుగెత్తే మనిషి దరిదాపుల్లో లేదు. అందుకని పొగరుని అందరూ భరించారు.

మొదటి పెద్ద పోటీ దేశస్థాయి ఫైనలు. నర్సక్క బాగా తీసుకెళ్ళింది, లాయరు ఇంకా బాగా తెచ్చింది. గువ్వ మలుపు తిరిగి వచ్చేసరికి వాళ్ళ జట్టు అందరికన్నా రెండు మీటర్లు ముందుంది. బేటన్ అందుకోవాల్సిన మనిషి వెనక్కి చూడకుండా పరుగు అందుకుంటుంది. వెనకున్న మనిషి దగ్గరికి రాగానే కేకేస్తుంది, కేక వినగానే ముందున్న మనిషి చెయ్యి వెనక్కి చాస్తుంది. పద్ధతి అది. గువ్వ గొంతు చించుకుని అరిచింది.

"పట్టు!"

చెయ్యి రాలేదు.

"పట్టు! పట్టూ!"

మూడో కేకకి వచ్చింది చెయ్యి. అప్పటికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడిపోయేంత దగ్గరికి వచ్చేశారు. బేటన్ మహారాణి మణికట్టుకి తగిలి, ట్రాక్ మీద టంగుమని పడి, పక్కవాళ్ళ లేన్‌లోకి దొర్లిపోయింది. మిగతా ఏడు జట్లూ వాళ్ళని దాటుకుని వెళ్ళిపోయాయి.

"కేక వెయ్యాలని తెలీదా నీకు?" అంది మహారాణి.

"మూడుసార్లు అరిచాను!"

"ఒక్కసారే అరిచావు. అదీ ఆలస్యంగా."

"నేను అబద్ధాలాడుతున్నానా?"

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ఇద్దరూ నేలమీదున్న బేటన్‌ని, ఒలికిన పాలగిన్నెని చూసినట్టు చూస్తున్నారు. నాన్న ఆ పేపరు మడిచి బీరువా కింద పెట్టేశాడు.

ఆ తర్వాత పది నెలలు గువ్వకీ మహారాణికీ మాటల్లేవు. రోజూ పొద్దున రెండు గంటలపాటు కలిసి పరుగెత్తేవారు. ఆ రెండు గంటల్లో వాళ్ళ మధ్య నడిచిన సంభాషణంతా ఒకే ఒక్క మాట, "పట్టు." అదీ గువ్వే అనాలి. పెద్దమేడం లోపం గువ్వ గొంతులో ఉందని తేల్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. కడుపులోంచి కేక రావాలంది, ఇంట్లో కూడా సాధన చెయ్యమంది. గువ్వ స్నానాలగదిలో దూరి "పట్టు!" అని అరిస్తే, పైనింటాయన కంగారుగా దిగొచ్చి తలుపు కొట్టాడు.

"ఏం పట్టమంటున్నారండీ? ఏమైనా పడిపోతోందా?"

"ఏం లేదండీ, మా అమ్మాయి చదువుకుంటోంది," అన్నాడు నాన్న.

ఖాళీ మైదానంలో పరవాలేదు, పదిలో ఎనిమిదిసార్లు బేటన్ సరిగ్గానే అందేది. జనం ఉన్న పోటీ వచ్చిందంటే మాత్రం చెయ్యి ఆలస్యమయ్యేది. పెద్దమేడానికి ఎటూ పాలుపోలేదు. ఆఖరికి, వీళ్ళకి కావలసింది గొంతు కాదు, స్నేహం అనుకుంది. ప్రతి ఆదివారం నలుగురూ ఎవరో ఒకరింట్లో కలిసి భోంచెయ్యాలని హుకుం జారీ చేసింది.

నర్సక్క ఇంట్లో ఒక వారం, లాయరు గదిలో ఒక వారం గడిచాయి. మూడో వారం గువ్వ ఇంటి వంతు. ముందుగదిలో సగం అమ్మ కుట్టుమిషనే. ఒక హోటలుకి అర్జెంటుగా పదహారు కర్టెన్లు ఇవ్వాలని అమ్మ ఆదివారం కూడా తొక్కుతూనే ఉంది. మహారాణి ఆ మిషను పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఇంకొంచెం టీ పొయ్యనా తల్లీ?" అంది అమ్మ, మిషను ఆపకుండానే.

జవాబు లేదు. అమ్మ మళ్ళీ అడిగింది. మహారాణి గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. లాయరు గువ్వని మోచేత్తో పొడిచి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసింది. గువ్వకి ఒళ్ళు మండిపోయింది. తనతో మాట్లాడకపోతే పోయింది, అమ్మని లెక్కచెయ్యకపోతే ఊరుకుంటుందా!

అమ్మ మాత్రం మిషను ఆపి, లేచి, కెటిలు తీసుకుని కుర్చీకి అవతలి పక్కకి వెళ్ళి నిలబడింది. ఇందాకటి గొంతుతోనే అడిగింది. "టీ పొయ్యనా?"

"కొంచెం చాలు ఆంటీ," అంది మహారాణి వెంటనే, నవ్వుతూ.

అందరూ వెళ్ళాక గువ్వ గిన్నెలు కడుగుతూ ఒకటే సణుగుడు. అమ్మ వచ్చి కుళాయి కట్టేసింది.

"ఆ పిల్లకి ఎడమ చెవి వినపడదే."

"ఏంటీ?"

"వినపడదు. పక్కన చప్పుడుంటే అసలే వినపడదు. మా హాల్లో సగంమంది ఆడాళ్ళు అంతే. ఎటు కూర్చుంటారో, తల ఎటు తిప్పుతారో చూస్తే చెప్పేస్తాను నేను. ముప్పై ఏళ్ళు చూశాను. పొగరూ కాదు, పాడూ కాదు."

గువ్వ చేతిలో సబ్బు గిన్నె అలాగే ఉండిపోయింది. మూడో మనిషి మలుపులో లోపలి గీత పట్టుకుని కుడిచేత్తో బేటన్ తెస్తుంది. నాలుగో మనిషి లేన్‌లో బయటివైపు ఉండి ఎడమచెయ్యి చాస్తుంది. అంటే ఇన్నాళ్ళూ తను అరిచిన అరుపంతా పోయి పోయి ఆ ఎడమ చెవిమీదే పడుతోంది.

మర్నాడు తొలిసారి గువ్వ నర్సక్కా లాయరూ రాకముందే మైదానానికి వెళ్ళింది. మహారాణి బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. గువ్వ చుట్టూ తిరిగి ఆమె కుడిపక్కకి వెళ్ళి కూర్చుంది.

"ఒక మాటడుగుతాను, కోప్పడకు. నీకు ఎడమ చెవి..."

మహారాణి తాడు ముడి అక్కడే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మ. టీ పోస్తూ కనిపెట్టింది."

మహారాణికి నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చెవి పోయిందని చెప్పింది. స్కూల్లో ఆటల మాస్టారుకి ఆ సంగతి తెలిసి, విజిల్ వినపడని పిల్ల జట్టులో ఎందుకని బెంచీ మీద కూర్చోబెట్టాడట. ఇల్లు మారి, కొత్త స్కూల్లో చేరాక ఎవరికీ చెప్పలేదట.

"ఆ రోజు నువ్వు మూడుసార్లు అరిచే ఉంటావు," అంది. "నాకు వినపడింది ఒక్కటే. నువ్వు అబద్ధమాడావని నిజంగానే అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అప్పటికి చెప్పడానికి నోరు రాలేదు."

"నేను నిన్ను పొగరుబోతు అనుకున్నాను."

"మహారాణి అంటారని తెలుసు. ఈ చెవిన అన్నప్పుడు వినపడింది," అంది, కుడిచెవి చూపించి.

మేడానికి చెప్పాల్సిందేనని గువ్వ పట్టుబట్టింది. జట్టులోంచి తీసేస్తుందని మహారాణి భయం. తీసేస్తే తనూ మానేస్తానంది గువ్వ. అలా అనేసరికి ఎంత పెద్ద మాటన్నానో అని తనకే అనిపించింది. ఇద్దరూ కలిసే వెళ్ళారు.

పెద్దమేడం అంతా విన్నది. తర్వాత ఒక హర్డిల్ మీద కూలబడింది.

"పది నెలల్నుంచి," అంది గువ్వని చూపిస్తూ, "ఈ పిల్ల గొంతు బాగుచేస్తున్నాను! ఉప్పునీళ్ళు పుక్కిలింపించాను! చెవి సంగతి నాకెవరూ చెప్పరా?"

"తీసేస్తారా మేడం?" అంది మహారాణి.

"పరుగెత్తేది కాళ్ళతోనా, చెవులతోనా?" అని లేచి నిలబడింది ఆవిడ. "స్టార్టు తుపాకీ నువ్వు వినక్కర్లేదు, అది నర్సు పని. నీకు కావలసింది చెయ్యి ఎప్పుడు చాచాలో తెలియడం. అంతే కదా?"

"అయితే కేకే తీసేద్దాం," అంది గువ్వ.

కేక లేకుండా రిలే ఎలా కుదురుతుందని లాయరు పావుగంట వాదించింది. ఆ పావుగంటలో మిగతావాళ్ళు ట్రాక్ కొలిచారు. మహారాణి నిలబడే చోటునుంచి వెనక్కి గువ్వ తన బూటు పాదాలతో ఇరవై ఏడు లెక్కపెట్టి అక్కడ తెల్లపట్టీ అతికించింది. గువ్వ కాలు ఆ పట్టీ మీద పడగానే మహారాణి పరుగందుకోవాలి. మనసులో అడుగులు లెక్కపెట్టుకుంటూ సరిగ్గా పదకొండో అడుగున చెయ్యి వెనక్కి చాచి, బేటన్ అందేదాకా కదపకుండా ఉంచాలి. గువ్వ నోరు మూసుకుని దాన్ని ఆ చేతిలో పెట్టాలి.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి రోజు బేటన్ మహారాణి మోచేతికి తగిలింది, నడుముకి తగిలింది, ఒకసారి చెవికే తగిలింది. "వినపడని చెవేలే, పరవాలేదు," అంది మహారాణి. గువ్వకి మాత్రం అలవాటు కొద్దీ "ప..." అని సగం మాట నోట్లోంచి వచ్చేసేది. పెద్దమేడం ఆమె నోట్లో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టి పరుగెత్తించింది. రెండో రోజుకే గొంతుకి అడ్డం పడేలా ఉందని నర్సక్క గోల చేసి మాన్పించింది. మూడు వారాలకి లెక్క కుదిరింది. ఐదో వారానికి, వెనక ఎవరో వస్తున్నారని కూడా తెలియకుండా, చేతిలోకి బేటన్ దానంతటదే వచ్చి కూర్చున్నట్టుంటోందని మహారాణి అంది. చెవి డాక్టరు దగ్గరికి కూడా గువ్వే తోడు వెళ్ళింది. చెవికి పెట్టుకునే చిన్న మిషను ఇచ్చాడాయన. పరుగులో చెమటకి నిలవదు గానీ, ఆదివారం భోజనాల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. "లాయరు ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదు," అని ఆశ్చర్యపోయింది మహారాణి.

మరుసటి ఏడాది మళ్ళీ దేశస్థాయి ఫైనలు వచ్చింది. మైదానం నిండిపోయింది. అమ్మా నాన్నా కూడా వచ్చారు. అమ్మ దూది ఉండలు తెచ్చుకుని చెవుల్లో పెట్టుకుంది. వీళ్ళది ఐదో లేన్.

నర్సక్క తుపాకీతోపాటే లేచింది. లాయరు నోరు మెదపకుండా అవతలి తిన్నని దారి మొత్తం దూసుకొచ్చింది. లాయరునుంచి గువ్వకి అందడంలో కాస్త ఇరుకైంది. గువ్వ చెయ్యి బేటన్ చివరని పట్టుకుంది, జారబోయింది, వేళ్ళు బిగించింది. ఆ తొట్రుపాటులో రెండు జట్లు ముందుకెళ్ళిపోయాయి.

మలుపు మొదలైంది. గువ్వ ఎడమభుజం కొద్దిగా దించి లోపలి గీతకి అతుక్కుపోయింది. బయట లేన్‌లో పొడుగాటి అమ్మాయి వంపుకి తట్టుకోలేక ఊగుతోంది. గువ్వ ఆమెని దాటింది. ఇంకొకరు మిగిలారు. ఎదురుగా తెల్లపట్టీ, దాని అవతల వంగి, భుజం మీదుగా తననే చూస్తున్న మహారాణి. గువ్వ కాలు పట్టీ మీద పడింది. మహారాణి ముందుకు తిరిగింది, పరుగందుకుంది.

అక్కడ ఎనిమిది జట్లు ఒకేచోట చేతులు మార్చుకుంటున్నాయి. ఏడుగురు ఏడు రకాలుగా అరుస్తున్నారు. "పట్టు!", "చెయ్యి!", "తీస్కో!" ఎవరి కేక ఎవరిదో తెలియక ఒకమ్మాయి పక్క జట్టు కేకకి ముందే చెయ్యి చాచి తడబడింది. ఇంకొకామె వెనక్కి తిరిగి చూసింది. గువ్వ పెదవులు బిగించి ఎదురుగా ఊగుతున్న ఆ ఎడమ మోచేతినే చూస్తూ పరుగెత్తింది. పది. పదకొండు. చెయ్యి వచ్చింది, గాల్లో అలమరలో అరలాగా కదలకుండా నిలబడింది. గువ్వ బేటన్‌ని అందులో పెట్టింది.

ఆ తర్వాత ఆమె చేసిందల్లా నడుం మీద చేతులు పెట్టుకుని చూడటమే. ముందున్న ఆ ఒక్క అమ్మాయిని మహారాణి ముప్పై మీటర్లలో పట్టుకుంది. ఇంకో ముప్పైలో వదిలించుకుంది. గెలిచారు.

ఒక విలేకరి మైకు పట్టుకుని గువ్వ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "గీత దాటిన క్షణంలో మీకెలా అనిపించింది?"

"నాకేం తెలుసండీ? నేను ఇక్కడే ఆగిపోయాను కదా," అంది గువ్వ.

చెప్పుల షాపు ఓనరు మర్నాడే దుకాణం ముందు బోర్డు పెట్టించాడు: "దేశ ఛాంపియన్ స్వయంగా మీ పాదం కొలుస్తుంది." వారంపాటు జనం కొలతలు తీయించుకోవడానికే వచ్చారు. చెప్పులు కొన్నవాళ్ళు తక్కువ. బోర్డు తీసేశారు.

ఆ నలుగురూ కలిసి మరో ఆరేళ్ళు పరుగెత్తారు. దేశంలో నాలుగుసార్లు మొదటి స్థానం, బయటి దేశాల పోటీలో ఒకసారి రెండో స్థానం. ఒక ఏడాది లాయరు పరీక్షలు కుదరక రాలేదు, ఆ ఏడాది ఓడిపోయారు. లాయరు ఆ సంగతి ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. మహారాణి తన చెవి సంగతి దాచడం మానేసింది. ఎడమ చెవి వినపడని పిల్లలుంటే తన దగ్గరికి పంపమని పెద్దమేడంతో చెప్పి, ముగ్గురు అమ్మాయిలకి పొద్దున్నే అడుగుల లెక్క నేర్పేది. మహారాణి అన్న పేరు మానేద్దామా అని గువ్వ ఒకసారి మొహమాటపడుతూ అడిగింది. "అలవాటైపోయింది, ఉండనీ. పైగా అబద్ధమేమీ కాదుగా," అందామె.

ముప్పై ఒకటో ఏట గువ్వ మోకాలు మొరాయించింది. చివరి పోటీలో ఆమె తొలి రౌండు మాత్రమే పరుగెత్తి, ఫైనల్లో తన చోటు ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయికి ఇచ్చేసి గ్యాలరీలో నాన్న పక్కన కూర్చుంది. నాన్న ఆమె చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, పందెం అయ్యేసరికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. జట్టు గెలిచింది. తొలి రౌండు పరుగెత్తినవాళ్ళకీ పతకం ఉంటుంది కాబట్టి ఐదుగురూ మెట్టెక్కారు. నలుగురికి కట్టిన మెట్టు అది. ఇరుక్కుని, ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

ఇంటికొచ్చాక, ఆ ఏడే అన్నయ్యని పెళ్ళాడి ఇంట్లోకి వచ్చిన వదిన అడిగింది. "రేపట్నుంచి ఏం చేస్తావు?"

"పడుకుంటా," అంది గువ్వ. "పద్నాలుగేళ్ళుగా ఐదింటికి లేస్తున్నాను వదినా."

మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చేసింది. కాసేపు అలాగే పడుకుని, బయట పాలవాడి సైకిలు బెల్లు, పక్కింటి కుళాయి చప్పుడు విన్నది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్న సంగతి మెల్లగా గుర్తొచ్చింది. దుప్పటి తలమీదికి లాక్కుంది. వదిన తలుపు తీసి చూసేసరికి తొమ్మిదింబావు, గువ్వ ఇంకా గురకపెడుతోంది.